బోరు నీళ్లలో మట్టి ఎక్కడిది?



ఇంటి బోరులో మట్టి నీళ్లు వస్తున్నాయని బాధపడేవాళ్లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలామందే ఉన్నారు. ఈ ప్రసంగం వాళ్ల కోసం. ఇంకా బోరు వేయించనివాళ్లు కూడా వినండి. నిజానికి మీకే ఎక్కువ పనికొస్తుంది.

పొద్దున్నే మోటారు వేస్తారు. బకెట్ నిండాక కాసేపు ఆగి చూస్తే అడుగున సన్నటి ఇసుక పేరుకుని ఉంటుంది. కొన్ని ఇళ్లలో ఇసుక ఉండదు, నీళ్లే ఎర్రగా వస్తాయి. తెల్ల చొక్కా ఉతికితే పసుపుపచ్చ చార పడుతుంది. షవర్ రంధ్రాలు పూడుకుపోతాయి. వాషింగ్ మెషీన్‌కు నీళ్లొచ్చే పైపు విప్పితే అక్కడి చిన్న జాలీ నిండా గరుకు గరుకుగా రేణువులు. అన్నం వండే గిన్నెలో కూడా అవే.

ఇలా జరిగితే మనలో ఎక్కువమంది ఏం చేస్తారు? ఫిల్టరు కొంటారు. దుకాణంలో చూపించినది తెచ్చి ట్యాంకు పైపుకు బిగిస్తారు. వారం పది రోజులు బాగానే ఉంటుంది. తర్వాత లోపలి గుడ్డ గొట్టం మట్టితో మూసుకుపోతుంది. నీళ్లు సన్నగా వస్తాయి. దాన్ని మారుస్తారు. మళ్లీ మూసుకుపోతుంది. ఈలోగా బోరు లోపల జరగాల్సిన నష్టం జరుగుతూనే ఉంటుంది. ఫిల్టరు ఉండేది పైన కదా. మట్టి ముందు నలిపేది కింద ఉన్న పంపును.

అందుకే ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫిల్టరు సంగతి తర్వాత. ముందు ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోండి. మళ్లీ చెబుతున్నాను. మట్టి ఎక్కడి నుంచి వస్తోందో తెలిశాకే డబ్బు బయటికి తీయండి.

అది తెలియాలంటే బోరు లోపల ఏముందో కొంచెం తెలియాలి. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల నేల కింద ఉన్నది గ్రానైటు జాతి రాయి. హైదరాబాదు నగరం నిలబడింది ఆ రాతి మీదే. పైన కొద్దిగా మట్టి. దాని కింద మొరం. మొరం అంటే నీళ్లకూ గాలికీ లక్షల ఏళ్లుగా చివికిపోయిన రాయి. ముక్క తీసి వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. ఆ మొరం కింద గట్టి రాయి. గట్టి రాయి తనలో నీళ్లు పట్టి ఉంచుకోలేదు. నీళ్లుండేది దానిలోని పగుళ్లలో. బోరు బండివాళ్లు ఆ పగులునే గ్యాప్ అంటారు. గ్యాప్ తగిలిందని అరిచారంటే ఇంటివాళ్ల మొహాలు వెలుగుతాయి.

ఇప్పుడు కేసింగ్ పైపు సంగతి. మొరం తనంతట తాను నిలబడదు. తడిస్తే జారుతుంది, రాలుతుంది. అందుకని నేల మట్టం నుంచి గట్టి రాయి దాకా ఒక పైపు దింపుతారు. అదే కేసింగ్. దాని కిందినుంచి బోరంతా ఉత్త రాయే. అక్కడ పైపు అక్కర్లేదు. మరి ఆ కేసింగ్ అడుగు అంచు ఎక్కడ ఆగింది? ఇదే అసలు ప్రశ్న. అది గట్టి రాతిలోకి కొన్ని అడుగులు దిగి, కదలకుండా బిగుసుకుని కూర్చోవాలి. సీసాకు బిరడా బిగించినట్టు కూర్చోవాలి. అలా కూర్చుంటే పైనున్న మొరం, బురద లోపలికి రావు. కూర్చోకపోతే ఆ అంచు కిందినుంచి ఎర్రమట్టి కారుతూనే ఉంటుంది. ఏడాది కారుతుంది, పదేళ్లు కారుతుంది.

ఎందుకు కూర్చోదు? రెండు కారణాలు నేను తరచూ వింటాను. ఒకటి డబ్బు. బోరు తవ్వడానికి అడుక్కి ఒక రేటు, కేసింగ్‌కు అడుక్కి ఇంకో రేటు. కేసింగ్ రేటు ఎక్కువ. అర్ధరాత్రి ఇంటి ముందు బండి మోగుతూ ఉంటుంది, వీధంతా దుమ్ము, లెక్క పెరిగిపోతూ ఉంటుంది. ఆ సమయంలో ఎవరైనా, ఇంకో పైపు ఎందుకు, చాల్లే అంటే మనకూ నిజమేననిపిస్తుంది. ఆ ఒక్క పైపు దగ్గర మిగిల్చిన డబ్బు తర్వాత పంపు రిపేర్లలో నాలుగింతలు పోతుంది.

రెండో కారణం బండరాయి. గ్రానైటు నేలలో మొరం మధ్యలో పెద్ద పెద్ద బండలు చివికిపోకుండా అలాగే మిగిలి ఉంటాయి. హైదరాబాదు గుట్టల మీద ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న బండలు చూశారు కదా. అలాంటివే నేల లోపల కూడా ఉంటాయి. డ్రిల్లు బండకు తగలగానే రాయి వచ్చేసిందనుకుంటారు. కేసింగ్ అక్కడ ఆపేస్తారు. ఆ బండ దాటాక మళ్లీ మెత్తటి మొరమే ఉంటుంది. దానికి ఇక అడ్డేమీ లేదు. అది రాలుతుంది. కాబట్టి రాయి తగలగానే ఆగకూడదు. ఇంకొన్ని అడుగులు తవ్వి, బయటికొచ్చే పొడి రంగు చూసి, అది వరుసగా తెల్లగానో బూడిద రంగులోనో గట్టి రాతిపొడిలాగే వస్తోందని తేలాక కేసింగ్ ఎంత కావాలో నిర్ణయించాలి.

అన్నిచోట్లా గ్రానైటే ఉండదు. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు నల్లరాయి పొరలు ఉంటాయి. రెండు నల్లరాతి పొరల మధ్య కొన్నిచోట్ల ఎర్రటి మెత్తటి పొర తగులుతుంది. నీళ్లు తగిలితే అది ఉబ్బి బోరులోకి జారుతుంది. పైన కేసింగ్ ఎంత చక్కగా కూర్చున్నా, లోతులో ఉన్న ఆ పొర నుంచి ఎర్రనీళ్లు వస్తాయి. కర్నూలు, నంద్యాల, పల్నాడు ప్రాంతాల్లో సున్నపురాయి. ఆ రాతిలో నీళ్లు తొలిచిన సందులు, గుహల్లాంటి ఖాళీలు ఉంటాయి. వాటిలో ఏనాటిదో బంకమట్టి కూరుకుని ఉంటుంది. పెద్ద వాన పడితే అది కదిలి బోరులోకి వస్తుంది. విశాఖపట్నం, విజయనగరం దగ్గర రాయి చాలా లోతుదాకా మెత్తబడి ఉంటుంది, కేసింగ్ ఎక్కువ పడుతుంది. మీ ఊరి నేల ఎలాంటిదో మీ వీధిలో అంతకుముందు బోరు వేయించినవాళ్లను అడగండి. వాళ్ల కేసింగ్ ఎన్ని అడుగులు పట్టిందో అడగండి. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని అడిగితే వచ్చే ఆ సమాచారం చాలా విలువైనది.

సరే, బోరు ఇప్పటికే ఉంది, మట్టి వస్తోంది. ఏం చేయాలి? మూడు గాజు సీసాలు తీసుకోండి. మూత ఉన్నవి, లోపల ఏముందో కనబడేవి. బాగా కడగండి. మోటారు రాత్రంతా ఆపి ఉంచాలి. పొద్దున్నే వేయాలి. బోరు నుంచి నేరుగా వచ్చే పైపు దగ్గర పట్టాలి, ట్యాంకు కుళాయి దగ్గర కాదు. ట్యాంకు అడుగున పాత మట్టి ఉంటుంది, అది మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. వేసిన వెంటనే వచ్చిన నీళ్లు మొదటి సీసాలో. ఐదు నిమిషాల తర్వాత రెండో సీసా. అరగంట తర్వాత మూడో సీసా. కాగితం ముక్క అంటించి ఏది ఎప్పటిదో రాయండి. మూడూ కిటికీలో వరసగా పెట్టండి. కదపకండి.

ఇప్పుడు చూడండి. ఒకటి రెండు నిమిషాల్లోనే అడుక్కి చేరిపోయిందంటే అది ఇసుక. వేలితో రుద్దితే గరుకుగా ఉంటుంది. కొన్ని గంటలు పట్టి మెల్లగా దిగిందంటే ఒండ్రు. మర్నాటికి కూడా నీళ్లు మసకగానే ఉన్నాయంటే అది బంకమట్టి. ఆ రేణువులు ఎంత సన్నవంటే రోజుల తరబడి తేలుతూనే ఉంటాయి.

ఇంకో రెండు సంగతులు కనబడొచ్చు. పట్టినప్పుడు నీళ్లు తేటగా ఉంటాయి, గంటలు గడిచేకొద్దీ ఎర్రగానో గోధుమ రంగులోనో మారతాయి. అది మట్టి కాదు, ఇనుము. నేల లోపల నీళ్లలో కరిగి ఉన్న ఇనుము బయటి గాలి తగలగానే తుప్పుగా మారుతుంది. దానికి చేయాల్సింది వేరు. బోరును ఎంత కడిగించినా అది పోదు. రెండో సంగతి, నీళ్లు పాలలా తెల్లగా వచ్చి, అడుగునుంచి పైకి తేటబడుతూ నిమిషంలో పూర్తిగా విడిపోతే అది ఉత్త గాలి. నీళ్లతోపాటు పంపు గాలి కూడా పీలుస్తోందన్న మాట. బోరులో నీటిమట్టం పంపు దాకా పడిపోతున్నప్పుడు అలా అవుతుంది. ఎండాకాలంలో ఇది గమనించండి.

ఇక మూడు సీసాలనూ పోల్చి చూడండి. మొదటి సీసాలోనే మట్టి ఉండి మిగతా రెండూ తేటగా ఉన్నాయా? అయితే మట్టి బోరు అడుగున పేరుకుని ఉంది. మోటారు మొదలైనప్పటి కుదుపుకు లేస్తోంది. మొదటిది తేటగా ఉండి అరగంటకు మట్టి వస్తోందా? అయితే మోటారు ఎక్కువ నీళ్లు లాగుతోంది. నీటిమట్టం దిగిపోతోంది, ఏదో మెత్తటి పొర నుంచి మట్టి కూడా లాగబడుతోంది. మూడింట్లోనూ ఒకేలా ఇసుక ఉందా? అయితే ఇసుక దారి ఎప్పుడూ తెరిచే ఉంది. ఇదే పరీక్ష పెద్ద వాన పడిన మర్నాడు మళ్లీ చేయండి. వానకు ముందు తేటగా ఉండి, వాన తర్వాత ఎర్రబడిందంటే పైనీళ్లు లోపలికి దిగుతున్నాయి. సున్నపురాతి నేల కాకపోతే ముందు అనుమానించాల్సింది కేసింగ్‌నే.

ఈ చివరిది మీరు అన్నిటికన్నా గట్టిగా పట్టించుకోవాలని నా కోరిక. వాన తర్వాత మట్టి రావడం బట్టల మరకతో పోయే సంగతి కాదు. వాన నీళ్లు లోపలికి పోయే దారిలోనే మురుగు కూడా పోతుంది. పక్కింటి సెప్టిక్ ట్యాంకు, వీధి కాలువ, పశువుల కొట్టం, అన్నీ పైపొరలోనే ఉన్నాయి. కేసింగ్ బయట, మట్టికీ పైపుకీ మధ్య చుట్టూ సందు ఉంటుంది. ఆ సందును సిమెంటు పాలతోనో మంచి బంకమట్టితోనో బిగించి పూడ్చాలి. చాలాచోట్ల తవ్విన పొడినే తోసి వదిలేస్తారు. అప్పుడు వీధి నీళ్లు పైపు పక్కనుంచి కిందికి జారతాయి. ఇంకొన్నిచోట్ల, నీళ్లు చాలవని కేసింగ్‌కు పైభాగంలోనే రంధ్రాలు పెట్టిస్తారు, పైఊట కూడా కలిసొస్తుందని. కలిసొచ్చేది ఊట ఒక్కటే కాదు. తాగే నీళ్ల బోరుకు ఆ పని చేయించకండి.

ఈ మట్టి ఎక్కడి నుంచి వస్తోందో కళ్లతో చూసే వీలు కూడా ఇప్పుడుంది. పంపు పైకి తీసి, బోరులోకి చిన్న కెమెరా దింపుతారు. పట్టణాల్లో బోరు మెకానిక్కులు ఈ పని చేయిస్తున్నారు. తెర మీద మీకే కనబడుతుంది. కేసింగ్ ఎక్కడ అయిపోయింది, దాని అంచు కింద ఎర్రనీళ్లు చారలుగా కారుతున్నాయా, పైపు జాయింటు పగిలిందా, అడుగున ఎంత పూడింది. ఊరికే ఫిల్టర్లు మార్చడానికి పెట్టే డబ్బు కన్నా ఈ ఖర్చు మేలు.

కెమెరా దొరకని ఊళ్లో తాడు చాలు. పంపు తీసినప్పుడు గట్టి తాడుకు బరువు కట్టి దింపండి. బోరు 300 అడుగులు వేయించారనుకుందాం. తాడు 260 దగ్గర ఆగింది. అంటే 40 అడుగులు పూడిక. ఆ బోరులో పంపు ఎంత లోతున కట్టి ఉందో అడగండి. చాలా ఇళ్లలో పంపును వీలైనంత కిందికి దింపుతారు, నీళ్లు ఎక్కువ అందుతాయని. అక్కడే దెబ్బ తగులుతుంది.

ఎందుకో చెబుతాను. సబ్‌మెర్సిబుల్‌లో మోటారు కింద ఉంటుంది, పంపు పైన ఉంటుంది. నీళ్లు పీల్చుకునే జాలీ ఆ రెండింటి మధ్య. మోటారు తిరిగితే వేడెక్కుతుంది. దాన్ని చల్లబరిచేది దాని ఒంటి పక్కనుంచి పారే నీళ్లే. పూడిక పెరిగి మోటారు బురదలో కూరుకుపోతే ఆ నీళ్లు తగలవు. వేడి బయటికి పోదు. చివరికి వైండింగ్ కాలిపోతుంది. ఇంటివాళ్లు కరెంటు ఎక్కువ తక్కువలు వచ్చాయనుకుంటారు. రీవైండింగ్ చేయించి, మళ్లీ అదే లోతుకు, అదే బురదలోకి దింపుతారు. మళ్లీ కాలుతుంది. పంపు సంగతి వేరు. ఇసుక రేణువులు లోపల తిరిగే ఇంపెల్లర్లను అరగదీస్తాయి. మోటారు బాగానే తిరుగుతున్నా నీళ్లు పైదాకా ఎక్కవు. ట్యాంకు నిండడానికి ఇదివరకు అరగంట పడితే ఇప్పుడు గంట పడుతుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది. ట్యాంకు నిండే సమయం ఒకసారి గడియారం చూసి రాసిపెట్టుకోండి. ఆరు నెలలకు మళ్లీ చూడండి.

అడుగున పూడిక ఉంటే చేయించాల్సింది ఫ్లషింగ్. కంప్రెసర్ బండి తెచ్చి, గాలి ఒత్తిడితో అడుగునున్న మట్టిని పైకి చిమ్మిస్తారు. నీళ్లు పూర్తిగా తేటబడేదాకా ఆపనివ్వకండి. కాసేపు బురద చిమ్మి, కొంచెం పలచబడగానే అయిపోయిందని గొట్టాలు చుట్టేస్తుంటారు. పక్కన నిలబడండి. బకెట్‌లో పట్టి చూడండి. తర్వాత పంపును అడుగుకు కాస్త ఎత్తులో, ఓ పదిహేను ఇరవై అడుగులు పైకి కట్టించండి. మళ్లీ ఎప్పుడైనా మట్టి రాలినా చేరడానికి చోటుంటుంది.

అయితే ఒక్క మాట. మట్టి వచ్చే దారి మూయకుండా ఫ్లషింగ్ చేయిస్తే అది కొన్నాళ్ల ముచ్చటే. కేసింగ్ కూర్చోలేదని తేలితే, లోపల ఇంకో సన్నపైపు గట్టి రాయి దాకా దింపి, రెండు పైపుల మధ్య సందు బిగించే పద్ధతి ఉంది. ఇన్నర్ కేసింగ్ అంటారు. బోరు ఇరుకవుతుంది, చిన్న పంపు వాడాల్సి వస్తుంది. అన్ని బోర్లకూ పనికిరాదు. కానీ కొత్త బోరుకు డబ్బు పోసేముందు తప్పకుండా ఆలోచించాల్సిన దారి అది.

మోటారు హార్స్‌పవర్ సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర పెద్ద మోటారంటే ఒక మోజు. బోరులో ఊరే నీళ్లు కొద్దిపాటివి, బిగించేది పెద్ద మోటారు. పది నిమిషాల్లో బోరంతా లాగేస్తుంది. పగుళ్లలోంచి నీళ్లు ఉరికి వస్తాయి, ఉరికే నీళ్లు మట్టిని మోసుకొస్తాయి. నిదానంగా వచ్చే నీళ్లు మోయవు. మీ బోరు ఇచ్చేంతే తీసుకోండి. పెద్ద మోటారు ఇప్పటికే ఉంటే, పైన గేట్ వాల్వ్ కొంచెం తిప్పి నీళ్లు తగ్గించి, ఎక్కువసేపు నడపండి. ఐదు నిమిషాలకోసారి వేసి ఆపడం మానండి. వేసిన ప్రతిసారీ అడుగు కదులుతుంది. అరగంటకు మట్టి వచ్చే ఇళ్లలో చాలావాటికి ఈ చిన్న మార్పే సరిపోతుంది, పైసా ఖర్చు లేదు.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఉన్న శ్రోతలు, మాకు రాయే లేదు కదా అనుకుంటూ ఉంటారు. మీ నేలంతా నది మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు. మీ దగ్గర ఫిల్టర్ పాయింట్లు. గొట్టానికి సన్నటి చీలికలు, చుట్టూ గులకరాళ్ల పొర. పాతరోజుల్లో కొబ్బరి తాడు చుట్టిన జల్లెడలు కూడా దింపేవారు. అక్కడ ఇసుకను ఆపేది ఆ చీలిక వెడల్పు, ఆ గులకరాళ్ల పరిమాణం. మీ నేలలో ఇసుక సన్నదైతే చీలిక ఇంకా సన్నగా ఉండాలి. కొలత తప్పితే ఇసుక ఎప్పటికీ ఆగదు. చుట్టూ నేల బోలుపడి కుంగుతుంది కూడా. మీ పాయింటు నుంచి మొదటి రోజు నుంచీ ఇసుకే వస్తుంటే, దాన్ని సరిచేయడం కన్నా సరైన జల్లెడతో కొత్త పాయింటు వేసుకోవడమే నయం. లోతు పెంచితే మంచి ఇసుక తగులుతుందని మాత్రం పోకండి. సముద్రం వైపు ఊళ్లలో కిందికి పోయేకొద్దీ ఉప్పునీళ్లు పొంచి ఉంటాయి.

ఇంకుడు గుంతల గురించి. వాన నీటిని నేలలో ఇంకించడం ఎంతో మంచి పని, అందరూ చేయాలి. కానీ డాబా మీది నీళ్లను పైపుతో నేరుగా బోరులోకి వదిలితే డాబా మీది దుమ్ము, పిట్టల రెట్ట, ఆకులు అన్నీ బోరులోకే పోతాయి. నీళ్లిచ్చే పగుళ్లే పూడిపోతాయి. ఒకసారి పూడిన పగులును కడగడం చాలా కష్టం. ముందు ఒక చిన్న తొట్టిలో మట్టి దిగాలి, తర్వాత కంకర, ఇసుక పొరలు దాటాలి. మొదటి వాన నీళ్లు బయటికి వదిలేయాలి. ఏటా జూన్ రాకముందే పై ఇసుక పొర తీసి కడగాలి.

ఇప్పుడు తాగే నీళ్లు. కారణం కనుక్కుని సరిచేయించేలోగా ఇంట్లో తాగాలి కదా. పటిక మనకు తెలిసిందే. ముద్దను నీళ్లలో కొన్ని చుట్లు తిప్పి వదిలేస్తే, తేలుతున్న బంకమట్టి ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి దిగుతుంది. మన పెద్దవాళ్లు చిల్లగింజను కుండ లోపలి గోడకు రుద్దేవారు. అదీ ఇదే పని చేస్తుంది. పైతేట నీళ్లు వంచుకుని, గుడ్డలో వడకట్టి, కళపెళ మరిగించండి. పటిక మట్టిని దింపుతుంది కానీ రోగాన్ని ఆపదు. మరిగించడం మానకండి. క్లోరిన్ బిళ్లలు వాడేవాళ్లు కూడా ముందు నీళ్లు తేటపరచాలి. మసక నీళ్లలో క్రిములు మట్టి రేణువుల చాటున దాక్కుంటాయి, మందు వాటిని అందుకోలేదు.

తేటగా ఉన్నంత మాత్రాన మంచి నీళ్లని కూడా అనుకోకండి. నల్గొండ జిల్లాలో తరాల ఎముకలు వంచిన ఫ్లోరైడు నీళ్లు చూడడానికి అద్భుతమైన తేట నీళ్లు. పటిక చిటికెడు తిప్పితే ఫ్లోరైడు పోదు. కాబట్టి ఏడాదికి ఒకసారైనా నీళ్లు పరీక్ష చేయించండి. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామీణ నీటి సరఫరా శాఖకు పరీక్షా కేంద్రాలున్నాయి. మన జాతీయ ప్రమాణం ప్రకారం తాగే నీటి మసక 1 ఎన్‌టీయూ దాటకూడదు, వేరే దారే లేకపోతే 5 దాకా. కాగితం చేతికొచ్చాక ఆ గడి చూడండి. దాని పక్కనే ఫ్లోరైడు గడి, నైట్రేటు గడి కూడా చూడండి.

ఇంకా చేదబావులు వాడే ఇళ్లున్నాయి. ఎండాకాలంలో పూడిక తీయించడం మంచి ఆచారమే. కానీ ఏటా ఎక్కడో ఒకచోట బావిలో దిగినవాళ్లు ఊపిరాడక పోయారని వింటూనే ఉన్నాం. ఒకరు పడిపోతే వాళ్లను తీయడానికి ఇంకొకరు దిగుతారు, ఆ మనిషీ పోతారు. నీళ్లు తోడే డీజిల్ ఇంజన్‌ను ఎట్టి పరిస్థితిలోనూ బావి లోపలికి దింపకండి. దాని పొగ లోపలే నిలిచిపోతుంది. దీపం దింపి చూశాం, ఆరలేదు కదా అని ధైర్యపడకండి. ఇంజను పొగలోని విషవాయువుకు దీపం ఆరదు. నడుముకు తాడు లేకుండా, పైన ఇద్దరు ముగ్గురు మనుషులు లేకుండా, లోపలికి గాలి కొట్టకుండా ఎవరినీ దింపకండి. కూలి డబ్బులిస్తున్నాం కదా అని ఒకరి ప్రాణంతో ఆడకండి. లోపల ఎవరైనా పడిపోతే మీరు దిగకండి, వెంటనే 101కి ఫోన్ చేయండి.

ఎంత చేసినా కొన్ని బోర్లు దక్కవు. కొత్తది వేయించక తప్పదు. నీరు, నేల, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం దానికి అనుమతి కావాలి, తీసుకోండి. బండి వచ్చిన రాత్రి ఇంట్లోంచి ఒకరు దగ్గరే ఉండండి. ఎన్ని అడుగుల దగ్గర మొరం అయిపోయింది, కేసింగ్ ఎన్ని అడుగులు, ఎక్కడెక్కడ గ్యాప్ తగిలింది, మొత్తం లోతెంత, ఈ నాలుగూ నోటుబుక్కులో రాయండి. ఇంటి పట్టాకాగితాలతో పాటు దాచండి. పదేళ్ల తర్వాత మట్టి వస్తే, మెకానిక్కు మొదట అడిగేది అవే. కేసింగ్ నేలకు రెండడుగులు పైకి ఉండాలి, చుట్టూ సిమెంటు గట్టు కట్టాలి, పైన బిగుతైన మూత ఉండాలి.

మరి పాత బోరు? పంపు పీకేశాక దాన్ని అలా వదిలేయకండి. ఓ బండరాయో గోనెసంచో అడ్డంపెట్టి ఊరుకోకండి. తెరిచి ఉంచిన బోర్లలో పసిపిల్లలు పడిపోవడం చూసి, సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది, వాడని బోరును అడుగునుంచి నేల మట్టం దాకా మట్టితో, ఇసుకతో, రాళ్లతో పూడ్చేయాలని. కొత్త బోరు బండి మీ ఇంటి ముందు ఉండగానే ఆ పని చేయించండి. అదే బండి తవ్వి పోసిన రాతిపొడి కుప్పలుగా అక్కడే ఉంటుంది. దాన్నే పారలతో ఎత్తి పాత బోరులో పోయించి, పైదాకా నిండిందని మీరే చూసుకుని, ఆ తర్వాతే బండివాళ్ల లెక్క తేల్చండి.